మూడో ట్యూబ్ నిండకముందు

పరీక్షకు వాడే మందు రెండు రోజులు మా ఫ్రిజ్‌లో ఉంది. నారాయణగూడలో రెండు మందుల దుకాణాల్లో లేదన్నారు. మూడో దుకాణంవాడు తెప్పిస్తానని చెప్పి నాలుగు రోజులకు తెప్పించాడు. మా అమ్మాయి బ్యాంకు నుంచి వస్తూ దాన్ని ఐసు పెట్టిన సంచిలో తీసుకొచ్చింది. వేలి పొడవు కూడా లేని గాజు సీసా. చల్లగా ఉండాలి, కానీ గడ్డ కట్టకూడదు అని రెండుసార్లు చెప్పి, ఒక స్టీలు డబ్బాలో పెట్టి, పాలగిన్నె పక్కన సర్ది, అశోక్‌నగర్‌లో తన ఇంటికి వెళ్ళింది.

మర్నాడు మా ఆయన అయిదో మాసికం. ఆ మర్నాడు నాకు పరీక్ష.

ఆయన పోయిన మూడో వారం నుంచి నాకు ఒంట్లో బాగాలేదు. పొద్దున మంచం మీది నుంచి లేస్తే గది తిరిగేది. గోడ పట్టుకుని నిలబడి, తిరగడం ఆగాక అడుగు వేసేదాన్ని. కంచం ముందు కూర్చుంటే కడుపులో తిప్పేది. స్నానం చేసి వచ్చాక అరగంట కూర్చుంటే గానీ చీర కుచ్చిళ్ళు పోసుకునే ఓపిక వచ్చేది కాదు. జాకెట్లన్నీ వదులయ్యాయి. పలకరించడానికి వచ్చినవాళ్ళు నన్ను చూసి, "దిగులుతో కరిగిపోతున్నది పాపం" అనేవారు.

నాకు అలాంటి మాటలు పడవు. ముప్పై ఏళ్ళు గ్రంథాలయంలో పనిచేశాను. మనుషులు కరిగిపోవడం, వాడిపోవడం, రాలిపోవడం పుస్తకాల్లో కావలసినంత చదివాను. మనిషి కరగడు, బరువు తగ్గుతాడు. అయినా ఆ మాటను నేను కాదనలేదు. నలభై ఒక్క ఏళ్ళు కలిసి బతికిన మనిషి పోతే నేను నలుగురిలో ఏడవలేదు. ఒంటరిగానూ పెద్దగా ఏడవలేదు. ఏడవనిదానికి ఈ నీరసమైనా ఉందిలే అనుకున్నాను. అది నా దగ్గరున్న ఒకే ఒక్క రుజువు.

నెలకు ఒక్క రోజు మాత్రం బాగుండేది. అది మాసికం రోజు. ఆ రోజు తెల్లవారకముందే లేచి, తలస్నానం చేసి, అయిదారు గంటలు నిలబడి వంట చేసేదాన్ని. మా మరిది కార్యం చేసేవాడు. భోక్తలు భోజనం చేసి వెళ్ళేదాకా నేను మంచినీళ్ళు కూడా ముట్టకపోయినా కళ్ళు తిరిగేవి కావు. మిగతా ఇరవై తొమ్మిది రోజులు గోడ పట్టుకుని నడిచే మనిషి ఆ రోజు అందరికంటే ముందు తిరుగుతుంటే ఇంట్లోవాళ్ళు ఆశ్చర్యపోయేవారు. మా తోటికోడలు ప్రతి నెలా ఒకటే మాట: "చూస్తున్నరా, బావగారే వచ్చి అక్కకు బలమిస్తున్నరు."

 బలం ఎక్కడి నుంచి వస్తోందో నాకు తెలుసు. బియ్యం డబ్బా వెనుక ఉన్న బిస్కెట్ల డబ్బాలోంచి వస్తోంది.

ఆరేళ్ళ కిందటి సంగతి. పుస్తకాల అరల ముందు నిచ్చెన ఎక్కి దిగి నా మోకాళ్ళు పాడయ్యాయి. చిక్కడపల్లిలో మా ఇల్లు రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. కింది నుంచి పైకి రావడానికి పావుగంట పట్టేది. మా ఇంట్లో అంట్లు తోమే ఆమె పాలమూరు వైపు మనిషి, కవాడిగూడ బస్తీలో ఉంటుంది. తన భర్త నడుము నొప్పికి ఒకతని దగ్గర పొడి తెచ్చుకుంటాడని చెప్పింది. "ఇటుకలు మోసెటోడమ్మా. గది వడకుంటే లేవనే లేవడు. వడ్డదంటే ఇగ ఆగడు" అన్నది. మా ఆయన ఆ అడ్రసు రాసుకున్నారు.

అప్పటి నుంచి ప్రతి నెలా మొదటి ఆదివారం స్కూటరు తీసుకుని వెళ్ళి ముప్పై పొట్లాలు తెచ్చేవారు. పాత పేపరు ముక్కల్లో మడిచిన బూడిదరంగు పొడి. ఇంటికి వచ్చాక బల్ల మీద వరసగా పెట్టుకుని, ఒక్కోదాని మీద నీలం పెన్నుతో ఒకటి నుంచి ముప్పై దాకా అంకెలు వేసేవారు. మరచిపోయి ఒకే రోజు రెండు వేసుకుంటానేమోనని ఆయన భయం.

వారం తిరక్కుండానే మెట్లెక్కాను. ఆకలి పెరిగింది. బుగ్గలు నిండాయి. నా మొహం ఎప్పుడూ కోలగా ఉండేది, గుండ్రమైంది. ఆ ఏడు మా పెళ్ళిరోజున తీసిన ఫోటోలో నేను ఎవరో కలిగినింటి ఇల్లాలిలా ఉన్నాను. ఆయన ఆ ఫోటోను ఫోనులో పెట్టుకుని వచ్చినవాళ్ళకు చూపించేవారు. చేతుల మీద చర్మం పలచబడి, చిన్న దెబ్బ తగిలినా నల్లగా కమిలేది. వయసు కదా అనుకున్నాం.

"అమ్మాయికి చెప్పకు. దానికి తెలిసిందంటే లెక్చర్ దంచుతది" అనేవారు.

చెప్పలేదు. ఆరేళ్ళు మా ఇద్దరి మధ్య ఉన్న రహస్యం అదొక్కటే. చిన్నదే అయినా మాదే.

ఆయన పోయిన పదకొండు రోజుల్లో పొట్లం ఊసే ఎవరికీ లేదు, నాకు కూడా. తరవాత డబ్బా తీసి చూస్తే తొమ్మిది మిగిలాయి. ఇరవై రెండు నుంచి ముప్పై దాకా. ఇక తెచ్చేవారు లేరు. రోజుకొకటి వేసుకుంటే తొమ్మిది రోజుల్లో అయిపోతాయి. మాసికం రోజు మోకాళ్ళ మీద నిలబడాలి కదా అని వాటిని దాచి, నెలకొకటి వేసుకున్నాను. నీరసం వేరు, మోకాళ్ళు వేరు అనుకున్నాను. చదువుకున్నదాన్ని అయివుండి ఆ రెండింటినీ ఒకచోట పెట్టి చూడలేదు.

నాలుగో నెలలో స్నానాలగదిలో పడిపోయాను. నారాయణగూడలో ఒక ఆసుపత్రిలో మూడు రోజులు ఉంచి సెలైన్ ఎక్కించారు. రక్తంలో ఉప్పు బాగా తగ్గిందన్నారు. పడుకుంటే ఒక బీపీ, లేచి నిలబడితే అంతకంటే బాగా తక్కువ. హార్మోన్ల జబ్బులు చూసే డాక్టరమ్మను పిలిచారు. మా అమ్మాయి కంటే చిన్నదేమో. మూత్రపిండాల మీద రెండు చిన్న గ్రంథులుంటాయని, ఒంటికి కష్టం వచ్చినప్పుడు నిలబెట్టే కార్టిసాల్ అనే హార్మోన్ అవే తయారుచేస్తాయని ఆమె చెప్పింది. తయారుచెయ్యమని మెదడు కింది నుంచి ఒక హార్మోన్ ఉత్తరువు పంపిస్తుంది. "ఆ ఉత్తరువును మనమే సూదితో ఇస్తామమ్మా. ఇవ్వకముందు ఒకసారి, అరగంటకు ఒకసారి, గంటకు ఒకసారి రక్తం తీస్తాం. గ్రంథులు పలికితే కార్టిసాల్ పెరుగుతుంది. పలకకపోతే పెరగదు. అంతే."

ఆమె మాట్లాడే తీరు నాకు నచ్చింది. అవసరం లేని మాట ఒక్కటి లేదు.

తరవాత ఆమె అడిగింది. "స్టెరాయిడ్ మాత్రలు ఎప్పుడైనా వాడారా? ఉబ్బసానికి గానీ, కీళ్ళకు గానీ? నాటు మందులు, పొడులు?"

నేను నోరు తెరిచేలోపల మా అమ్మాయి అందుకుంది. "లేదు మేడమ్. మా ఇంట్ల అసొంటివి ఎవ్వరు వాడరు. మా నాన్న ఆ విషయంల చాన స్ట్రిక్టు."

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను తల ఊపాను. ఆ ఊపును ఎటు కావాలంటే అటు తీసుకోవచ్చు. ఆమె కాగితం మీద 'లేదు' అని రాసుకుంది.

మా నాన్న స్ట్రిక్టు అని మా అమ్మాయి అన్నప్పుడు దాని గొంతులో ఒక గర్వం ఉంది. తండ్రి పోయి నాలుగు నెలలైన బిడ్డ గొంతు అది. దాన్ని అక్కడ, ఆ గదిలో, కొత్త మనిషి ముందు నేను పగలగొట్టలేకపోయాను. అది ఒక కారణం. ఇంకో కారణం కూడా ఉంది. అది చెప్పడం కష్టం. గ్రంథులు బాగానే ఉన్నాయని తేలాలని నాలో కొంత భాగం కోరుకుంది. బాగానే ఉంటే ఈ అయిదు నెలల నీరసం ఆయన కోసమే. బాగాలేకపోతే, దుఃఖమని నేను పేరు పెట్టుకున్నది ఒక హార్మోను లోటు.

అయిదో మాసికం రోజు పొద్దున ఇరవై ఆరో నంబరు పొట్లం వేసుకున్నాను. ఎప్పటిలాగే నిలబడ్డాను. తోటికోడలు పెరుగు కోసం ఫ్రిజ్ తీసి, "ఈ డబ్బాల ఏమున్నదక్కా?" అని అడిగింది. "నా మందు, ముట్టకు" అన్నాను. "మీకు మందెందుకు, ఇయ్యాల చూడుండ్రి ఎట్ల తిరుగుతున్నరో" అని నవ్వింది.

సాయంత్రం అందరూ వెళ్ళాక పనామె గిన్నెలు తోముతూ అడిగింది. "అమ్మా, సారు తెచ్చిన పొట్లాలు ఇంక ఉన్నయా నీ తాన? మా ఆయనకు రెండియ్యరాదు. గాయన దుకాణం బందువెట్టి ఊరికి పోయిండంట. ఆదివారం దాక రాడు."

"ఆదివారం దాకా ఆగలేడా?" అన్నాను.

"ఆగుతడా! మొన్న ఊర్ల జాతరకు పోయినప్పుడు పొట్లాలు మర్చిపోయిండు. నాల్గొద్దులకే మంచంల వడ్డడు. ఒకటే వాంతులు, కండ్లు తిరుగుడు, లేస్తె కూలవడుడు. దెయ్యం వట్టిందని మా అత్త ఒకటే ఏడ్పు. నేను బస్సెక్కొచ్చి పొట్లం తీస్కపోయి ఏసిన. గంటల లేసి కూసొని కల్లేదీ అని అడిగిండు!" గిన్నె పక్కన పెట్టి నవ్వింది. "గంత మంచి మందమ్మా అది."

నేను గోడకున్న క్యాలెండరు వైపు చూశాను. మాసికం తిథులకు మా అమ్మాయి ఎర్రగా సున్నాలు చుట్టింది. ఇప్పటికి దాటినవి అయిదు సున్నాలు. బాగున్నవి అయిదు రోజులు, మింగినవి అయిదు పొట్లాలు. మధ్యలో మిగిలిన రోజులన్నీ ఆమె భర్త జాతరలో పడ్డ మంచమే. ఆమె చెప్పిన మాటలే నా ఒంటికీ సరిపోయాయి: వాంతులు, కళ్ళు తిరగడం, లేస్తే కూలబడటం. ఆమె దాన్ని మందు గొప్పతనం అనుకుంది. మా తోటికోడలు దాన్ని మా ఆయన గొప్పతనం అనుకుంది.

ఆమెకు ఒక పొట్లం ఇచ్చాను. ఇవ్వకపోతే ఏమవుతుందో అప్పుడే విన్నాను కాబట్టి. ఇచ్చి, "రేపు నేను వచ్చేదాకా మానిపించకు" అన్నాను. ఎందుకంటున్నానో నాకే పూర్తిగా తెలియదు.

పరీక్ష పొద్దున ఎనిమిదింటికి. పరగడుపున రమ్మన్నారు. మా అమ్మాయి స్టీలు డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఆటోలో కూర్చుంది. దారి పొడవునా డబ్బా మూత మీద చెయ్యి తియ్యలేదు. ఆసుపత్రిలో నర్సు మా ఇద్దరి వయసులకూ మధ్యలో ఉంటుంది. సీసా తీసి వెలుగులో తిప్పి చూసి, "పెద్దమ్మా, బంగారం తెచ్చినట్టె తెచ్చిండ్రు" అన్నది. చేతికి సూదిగొట్టం పెట్టి, దానికి ప్లాస్టరు వేసి, మొదటి ట్యూబ్ నింపింది. దాని మీద చీటీ అంటించి సమయం రాసింది. తరవాత ఇంజెక్షన్ ఇచ్చింది.

"ఇగ గంట సేపు ఈ కుర్చీల కెల్లి లేవకుండ్రి. కండ్లు తిరిగినా, గుండె దడ అనిపిచ్చినా పిలువుండ్రి. బాత్రూమ్ పోవాల్నంటే నన్ను తోలుకొని పోవాలె. నేనే మీ బాడీగార్డును."

గోడ గడియారం నా ఎదురుగానే ఉంది. ఎనిమిది ఇరవై.

మా అమ్మాయి పక్కన కూర్చుని ఫోను చూస్తోంది. కొంతసేపటికి అన్నది. "అమ్మా, నార్మల్ వస్తది చూడు. నాకు తెలుసు. నాన్న లేకపోవుడే నీ జబ్బు. సోమవారానికి కౌన్సెలింగ్ డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్న. నువ్వు అక్కడ మంచిగ ఏడ్వు. ఎవ్వరు ఏమనరు."

"డబ్బులిచ్చి ఏడవాలా?" అన్నాను.

"నవ్వుతున్నవా? నవ్వు. నువ్వు నవ్వక ఎన్ని రోజులైందో తెలుసా నీకు?"

నాకు నవ్వు రాలేదు. నార్మల్ వస్తే ఏమవుతుందో ఆలోచిస్తున్నాను. నిన్న పొద్దున మింగిన పొడి ఇంకా రక్తంలో ఉందేమో. అది ఈ పరీక్షను ఏంచేస్తుందో నాకు తెలియదు. గ్రంథులు పలికినట్టు అంకె రావచ్చు. అప్పుడు నన్ను సోమవారం కౌన్సెలింగ్‌కు పంపుతారు. డబ్బాలో ఉన్న మూడు పొట్లాలు మూడు మాసికాలకు సరిపోతాయి. ఆ తరవాతో, అంతకు ముందో, మళ్ళీ స్నానాలగదిలో పడతాను. తలుపు లోపలి గడియ వేసి ఉంటుంది. ఎనిమిదో మాసికానికి క్యాలెండరులో సున్నా ఉంది. ఆ తారీకుకు నేను ఉండకపోవచ్చు.

చెప్తే? అమ్మాయి పక్కనే ఉంది. మొదటి మాట నాన్న గురించే అవుతుంది.

ఎనిమిది యాభైకి నర్సు వచ్చి రెండో ట్యూబ్ నింపింది. నల్లగా, నిదానంగా నిండింది. "ఇంక ఒక్కటే. అరగంట" అన్నది. అంతలో మా అమ్మాయికి బ్యాంకు నుంచి ఫోను వచ్చింది. మాట్లాడుతూ వరండాలోకి వెళ్ళింది. అద్దాల తలుపులోంచి దాని వీపు కనిపిస్తోంది. తండ్రిలాగే మాట్లాడేటప్పుడు ఎడమ చెయ్యి నడుము మీద పెట్టుకుంటుంది.

తొమ్మిది దాటి అయిదు. తొమ్మిది దాటి ఎనిమిది.

"సిస్టర్" అన్నాను.

ఆమె చీటీలు రాస్తూ తల ఎత్తింది. "ఏందమ్మా, కండ్లు తిరుగుతున్నయా?"

"లేదు. నిన్న పొద్దున ఒక పొడి వేసుకున్నాను. మోకాళ్ళ నొప్పికి. దాని వల్ల పరీక్ష తప్పొస్తుందా?"

ఆమె కలం ఆగింది. "ఏం పొడి? ఆయుర్వేదమా?"

"తెలియదు. పొట్లం. పేరు లేదు."

"నిన్న ఒక్కనాడేనా?"

"నిన్న ఒకటి. అంతకుముందు ఆరేళ్ళు, రోజూ."

ఆమె లేచి నా దగ్గరికి వచ్చింది. తిట్టలేదు. నా చెయ్యి తిప్పి, మోచేతి కింద పలచబడిన చర్మాన్ని, కమిలిన మచ్చను చూసింది. మొదటి ట్యూబ్ తీసినప్పుడు కూడా చూసే ఉంటుంది. ఇప్పుడు వేరేగా చూసింది.

"బిడ్డకు తెల్వదా?"

"తెలియదు."

"డాక్టరమ్మకు చెప్పాలె. మీరు చెప్తరా, నన్ను చెప్పమంటరా?"

"నేనే చెప్తాను."

ఆమె ఫోను చేసింది. తొమ్మిది దాటి పద్నాలుగు నిమిషాలకు డాక్టరమ్మ పై అంతస్తు నుంచి దిగి వచ్చింది. అదే సమయానికి మా అమ్మాయి ఫోను సంచిలో వేసుకుంటూ లోపలికి వచ్చి, డాక్టరును చూసి, "ఏమైంది?" అన్నది.

నేను మొదటి నుంచీ చెప్పాను. మోకాళ్ళు, పొట్లాలు, ఆరేళ్ళు, తొమ్మిది మిగలడం, మాసికాలు. పనామె భర్త జాతరలో పడిపోవడం. ఎవరు తెచ్చేవారో మాత్రం చెప్పలేదు. అది మాత్రం నోటికి రాలేదు. డాక్టరమ్మ వింటూ తన కాగితం మీద 'లేదు' అన్న మాటను కొట్టేసి దాని పక్కన రాసుకుంది.

మా అమ్మాయి అడిగింది. "ఎవరు తెచ్చిండ్రు నీకు? నువ్వు కిందికే దిగవు గద."

గడియారం తొమ్మిది దాటి పదిహేడు చూపిస్తోంది. నర్సు మూడో ట్యూబ్ చేతిలో పట్టుకుని నిలబడింది.

"మీ నాన్న" అన్నాను.

"నాన్ననా?"

"ప్రతి నెలా మొదటి ఆదివారం."

"ఆదివారాలు లైబ్రరీకి పోతున్న అని చెప్పెటోడు నాకు!" దాని గొంతు పెరిగింది. కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు ఇటు చూశారు. "ఆరేండ్లు? ఏముందో తెల్వని పొడి ఆరేండ్లు తినిపిచ్చిండా నీకు? నాకు జ్వరమొస్తే ఒక్క గోలీ సొంతంగ వేసుకోనియ్యకపోయేటోడు! ఇగ నీకు..." మాట పూర్తి చెయ్యలేదు. కుర్చీలో కూలబడి మొహానికి చున్నీ అడ్డం పెట్టుకుంది. తండ్రి పోయిన రోజున కూడా అది అలా ఏడవలేదు. ఆ రోజు అన్ని పనులూ అదే చూసుకుంది.

నేను భయపడింది ఇదే. నేను చూస్తుండగానే జరిగింది. కుర్చీలోంచి లేవకూడదు కాబట్టి లేవలేదు.

డాక్టరమ్మ కాగితం పక్కన పెట్టి మాట్లాడింది. "అలాంటి పొడుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలుపుతారు. బయటి నుంచి రోజూ వస్తుంటే సొంత గ్రంథులు పని మానేస్తాయి. పొడి ఉన్నట్టుండి ఆగింది, అవి వెంటనే మొదలుపెట్టలేకపోయాయి. వాడటం ప్రమాదమే. ఒక్కసారిగా మానడం ఇంకా ప్రమాదం." నా వైపు తిరిగింది. "నిన్నటి పొడిలో ఏముందో మనకు తెలియదు. కొన్ని రకాలు ఈ పరీక్షలో మీ సొంత కార్టిసాల్ లాగానే లెక్కలోకి వస్తాయి. మీరు చెప్పకపోయుంటే, అంకె ఎక్కువొస్తే నేను నమ్మి ఇంటికి పంపేదాన్ని. ఇప్పుడు నమ్మను. అంకె ఎంతొచ్చినా ఇవాళ్టి నుంచే మాత్రలు మొదలుపెడతాం."

"అయితే మూడోది తీయాల్నా మేడమ్?" నర్సు అడిగింది.

"తియ్యండి. టైమ్ అయింది కదా."

తొమ్మిది ఇరవైకి మూడో ట్యూబ్ నిండింది.

రిపోర్టు మర్నాడు సాయంత్రం వచ్చింది. మొదటి అంకె తక్కువ. అరగంటది దానికంటే కాస్త ఎక్కువ. గంటది కూడా రావలసిన చోటికి సగం దూరం రాలేదు. ముందు రోజు పొడి కలిసినా అంతే. గ్రంథులు నిద్రపోయాయి, చచ్చిపోలేదు, లేస్తాయేమో చూద్దాం, నెలలు పట్టవచ్చు అన్నది డాక్టరమ్మ. పొద్దున ఒక మోతాదు, మధ్యాహ్నం ఒక మోతాదు మాత్రలు. జ్వరమొస్తే రెట్టింపు. వాంతులైతే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రి. ఎప్పుడూ దగ్గర ఉంచుకోమని ఒక కార్డు ఇచ్చింది. మా అమ్మాయి దాన్ని తన చేత్తో నింపింది. కారణం అన్నచోట 'పొడి మందు, ఆరేళ్ళు' అని రాసింది. ఎవరు తెచ్చారో రాసే గడి ఆ కార్డులో లేదు. అది కాసేపు ఆ కార్డునే చూస్తూ కూర్చుని, నా సంచి లోపలి జేబులో పెట్టింది.

సోమవారం అపాయింట్‌మెంట్ మాత్రం రద్దు చెయ్యలేదు. నన్ను బయట కూర్చోబెట్టి తనే లోపలికి వెళ్ళింది.

పనామెకు అర్థమయ్యేలా చెప్పడానికి రెండు రోజులు పట్టింది. "మరి సారు గంత చదువుకున్నోడు, ఆయనెట్ల తెచ్చిండు?" అన్నది. "నువ్వు చెప్తే తెచ్చారు" అనబోయి ఆగాను. ఆమెకు చెప్పింది ఆమె భర్త, అతనికి చెప్పింది పక్కన ఇటుకలు మోసే మనిషి. ఎవరి నొప్పి తగ్గితే వాళ్ళు పక్కవాళ్ళకు చెప్పారు. డబ్బాలో మిగిలిన మూడు పొట్లాల్లో రెండు ఆమెకిచ్చి, మర్నాడే ఆమె భర్తను అదే ఆసుపత్రికి పంపించాను. మానిపించవద్దు, డాక్టరే తగ్గిస్తుంది అని మూడుసార్లు చెప్పాను. మూడోది డాక్టరమ్మ చూస్తానంటే ఇచ్చాను. దాని మీద నీలం పెన్నుతో ముప్పై అని ఉంది. ఇచ్చేముందు ఆ అంకెను కాసేపు చూశాను. అంతే.

మాత్రలు మొదలుపెట్టిన వారానికి అన్నం సహించింది. గోడ వదిలి నడిచాను. ఒంట్లో బలం వచ్చాక, ఒక మధ్యాహ్నం ఆయన చొక్కాలు సర్దుతుంటే ఏడుపొచ్చింది. చాలాసేపు ఏడ్చాను. దానికి ఓపిక కావాలని నాకు అంతవరకూ తెలియదు.

ఆరో మాసికానికి అందరూ వచ్చారు. నేను కొంతసేపు నిలబడి, కొంతసేపు స్టూలు మీద కూర్చుని వంట చేశాను. భోక్తల భోజనాలయ్యాక తోటికోడలు మొదలుపెట్టింది. "చూసిండ్రా, ఈ నెల గూడ బావగారు..."

"కాదు" అన్నాను. "పొద్దున మాత్ర వేసుకున్నాను."

"మరి పోయిన నెలలు?"

"పోయిన నెలలు పొట్లం. ఆయన తెచ్చిపెట్టినదే. జబ్బు కూడా దాని వల్లే వచ్చింది."

 మా అమ్మాయి చేతిలో విస్తళ్ళతో వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఈసారి ఏమీ అనలేదు. హాల్లో తడిబట్టతో కూర్చున్న మా మరిది విన్నాడు. ఆయన తమ్ముడు. అన్న కార్యం చేసి లేచిన మనిషి. ఏమంటాడోనని చూశాను.

"నాకు గూడ తెచ్చిస్తనన్నడు వదినా" అన్నాడు. "నడుము నొప్పికి. నేనే వద్దన్న. అన్న ఇనలే. ఫోను తీసి నీ ఫోటో చూపెట్టిండు. మీ వదిన మొహం చూడురా, పెండ్లప్పుడు గూడ ఇట్ల లేదు, నేనే చేసిన అన్నడు."

 మధ్యాహ్నం మాత్ర వేళయింది. మా అమ్మాయి విస్తళ్ళు కింద పెట్టి, మాత్రా నీళ్ళూ తెచ్చి నా చేతికిచ్చింది. వేసుకున్నాను. తరవాత అందరం భోజనానికి కూర్చున్నాం.